పసుపు నీళ్ళ మాట

మా తమ్ముడు యుద్ధంలోంచి ఫోను చేసినప్పుడల్లా ముందు అడిగేది నా సంగతి కాదు, మా ఊరి రైల్వే వర్క్‌షాప్ సైరన్ సంగతి. "అప్పా, అన్నాల సైరన్ అయిపోనాదేటి?" అనేవోడు. మా ఇళ్ళల్లో అక్కని అప్ప అంటాం. ఇంకా అవ్వలేదంటే, అది కొట్టేదాకా ఏవో కబుర్లు చెప్పుకుంటూ లైను మీద ఉండేవోడు. కొట్టగానే నేను ఫోను కిటికీ ఊచల్లోంచి బయటికి చాపేదాన్ని. ఖరగ్‌పూర్‌లో పుట్టినోళ్ళకి ఆ కూత వింటే ఆకలేస్తాది. మా నాన్న ఆ కూతకే లోపలికి వెళ్ళినాడు, ఆ కూతకే బయటికి వచ్చినాడు, రిటైరయినాక కూడా అది వినపడితేగానీ కంచం ముందు కూర్చునేవోడు కాదు. ఎక్కడో మంచు దేశంలో మట్టి గోతిలో కూర్చుని మా తమ్ముడు అదే కూత వినేవోడు. విని, "సరే అప్పా, అన్నం తినేసినట్టే" అని పెట్టేసేవోడు.

యుద్ధంలోంచి అన్నానని మావోణ్ణి సిపాయి అనుకునేరు. కాదు, వెల్డరు. మా అమ్మ పోయినప్పుడు వాడు చంకపిల్లోడు. పేరుకి నేను అప్పనే గానీ, కాళ్ళు చాపుకుని ఆ కాళ్ళమీద వాణ్ణి పడుకోబెట్టి నీళ్ళు పోసినది నేను, గోరుముద్దలు పెట్టినది నేను, అల్లరి చేస్తే వీపు మీద చరిచినదీ నేనే. పెద్దయినాక వర్క్‌షాప్‌లో అప్రెంటిస్ చేసినాడు. సర్టిఫికెట్ వచ్చినాది, ఉద్యోగం రాలేదు. ఆ సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి అమ్మవారి ఫోటో పక్కన తగిలించినాను. అక్కడా ఇక్కడా కాంట్రాక్టు పని చేసుకుంటూ, మా ఊళ్ళోనే ఖరిదా పేటలో ఒక బెంగాలీ పిల్లని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. నేను నాలుగు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను గానీ, ఆ పిల్ల వచ్చి "దీదీ, నాకు మీ పులుసు నేర్పండి" అని నా పక్కన కత్తిపీట వేసుకున్నాది. ఇంకేటి అలుగుతాను?

వాణ్ణి తీసుకుపోయినవాడు ఒక ఏజెంటు. పరదేశంలో గోడౌన్ పని, సామాన్లు ఎత్తడం దించడం, మధ్యమధ్య వెల్డింగు అన్నాడు. వెళ్ళినాక ఏదో కాగితం మీద సంతకం పెట్టించినారు. ఆ దేశం అక్షరాలు మావోడికి రావు. పెట్టినాక తెలిసినాది అది సైన్యం కాగితమని. బట్టలు మార్పించినారు, తుపాకీ చేతిలో పెట్టినారు. ఆ దేశం పేరు నేను రాయను. రెండు దేశాలు కొట్టుకుంటన్నాయి, రెండింట్లో ఏ పేరూ నా నోట పలకబుద్ధి కాదు. ఆబోతులు కుమ్ములాడుకుంటే దూడల కాళ్ళు విరిగినట్టు, మధ్యలో మా ఇంటి దూడ ఎలగ పడ్డాదో ఆ అమ్మకే తెలియాలి.

వాడు ఉండే గోతికి వాడు లోయర్ బెర్త్ అని పేరు పెట్టుకున్నాడు. పక్కన చెక్క, పైన రేకు, కింద తడి మట్టి. "సైడ్ లోయర్ కాదప్పా, అసలు లోయర్. ఆర్‌ఏసీ గొడవ లేదు, మొత్తం నాదే" అని నవ్వేవోడు. నేను ఇటు నవ్వినట్టు శబ్దం చేసేదాన్ని. మా మరదలు నా భుజం మీద గెడ్డం ఆనించి, ఆ ఫోనులో వాడి ఊపిరి వినేది.

మొదట్లో నాది ఒకటే పాట. నిన్ను తెచ్చేస్తాం, భయపడకు, ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం. ఒక పూట వాడు అన్నాడు, "అప్పా, ఒక మాట చెప్తాను, తిట్టకు."

"తిట్టే మాటయితే తిడతాను. చెప్పు."

"నన్నొక్కణ్ణే తెమ్మని అడక్కండి. నేను లేస్తే ఈ బెర్త్ ఖాళీగా ఉంచరు. ఇంకొకణ్ణి తెచ్చి పడుకోబెడతారు. ఆడికీ ఒక అప్ప ఉంటాది కదా. ఆపమని అడగండి. మొత్తమే ఆపమని అడగండి."

నాకు ఒళ్ళు మండిపోనాది. "ఓరి నీ మొకం మండ, ముందు నువ్వు రారా! తరవాత లోకాన్ని ఉద్ధరిద్దువుగాని" అని అరిచినాను. వాడు నవ్వలేదు. నెమ్మదిగా అన్నాడు, "అవతల పక్కన కూడా ఒక గొయ్యి ఉన్నాదప్పా. పొద్దుటి పూట అందులోంచి దగ్గు వినపడతాది. మన నాన్న దగ్గినట్టే, ఆగి ఆగి దగ్గుతాడు ఎవడో. ఆణ్ణి కాల్చమంటారు నన్ను."

వాడు ఫోను పెట్టేసినాక నేను ఇడ్లీ పాత్ర ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చినాను. మా ఇంటి వరండాలో నేను టిఫిన్లు అమ్ముతాను. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో సగం మంది నా చట్నీ తిని డ్యూటీకెళ్ళినోళ్ళే. ఆ రోజు చట్నీలో ఉప్పు వెయ్యడం మరిచిపోయినాను. అందరూ అలగే తినేసి వెళ్ళిపోయినారు.

అలగ మొదలయినాది మేము నిలబడడం. బోగ్దా వైపు స్టేషన్ ముందు, లోకల్ రైళ్ళు దిగే జనం బయటికొచ్చే చోట, సాయంత్రం పూట అట్టముక్కలు పట్టుకుని నిలబడేవాళ్ళం. నేను, మరదలు, మా క్వార్టర్ల లైన్లో ఆడవాళ్ళు కొందరు. పెద్ద కాలేజీలో చదువుకునే తెలంగాణ పిల్ల ఒకర్తి ఆదివారాలు నా దగ్గిర పెసరట్టు తినడానికి వచ్చేది. ఆ పిల్లే అట్టల మీద హిందీలో, బెంగాలీలో రాయించినాది. తెలుగుది నేను రాసినాను. యుద్ధం ఆపండి, ఇంకెవరినీ పంపకండి, ఢిల్లీ సభలో అడగండి. మూడే మాటలు.

ఈ ఊళ్ళో ఎవరైనా అట్ట పట్టుకుని నిలబడితే అది యూనియన్ గొడవే అనుకుంటారు. "కౌన్ సా యూనియన్, దీదీ?" అని ప్రతివాడూ అడిగేవోడు. "బోనస్ కోసమా? క్వార్టర్స్ రిపేరా?" యుద్ధం ఆపమని అంటే, అయ్యో అని ఒకడు, పిచ్చి అని ఒకడు. ఒకాయన నింపాదిగా ఆగి, మొత్తం విని, "మరి మీ తరఫున లోకో షెడ్డువాళ్ళు కూడా వస్తన్నారా?" అన్నాడు. సాలువా క్యాంపు నుంచి ఒక జవాను భార్య కూరగాయల సంచితో వచ్చి మా పక్కన నిలబడ్డాది. "మా ఆయనా యూనిఫాం వేసుకునే మనిషే. అందుకే వచ్చినాను" అని, ఒక అట్ట తీసుకున్నాది. ఆ తరవాత ఎవరేటన్నా నాకు లెక్క లేకపోనాది.

మా ఆయన వర్క్‌షాప్‌లో ఫిట్టరు. మంచోడేగానీ ప్రతిదానికీ ఒక పుల్ల పెడతాడు. "బండి ఆగాలంటే డ్రైవర్ని అడగాలే. ప్లాట్‌ఫారం మీద టీ తాగేవోళ్ళని అడిగితే ఏటి లాభం?" అన్నాడు ఒకరోజు.

"చెయిన్ లాగడానికి డ్రైవరే అవ్వాలేటి?" అన్నాను. "బోగీలో కూర్చున్న ఎవడైనా లాగొచ్చు. మనం ఆ బోగీలోనే ఉన్నాం."

"ఊరికే లాగితే ఫైను వేస్తారు."

"తమ్ముడు పట్టాల మీద పడున్నాడు. ఇది ఊరికేనేటి?"

మర్నాడు ఆయన డ్యూటీ దిగి నూనె బట్టలతోనే వచ్చి మా వెనకాల నిలబడ్డాడు. కాలేజీ పిల్లచేత ఒక అట్ట మీద చెయిన్ లాగండి అని రాయించి తనే పట్టుకున్నాడు. రైల్వే ఊరు కాబట్టి ఆ అట్ట అందరికీ అర్థమయినాది.

సభల్లో కూర్చునే పెద్దమనుషుల గుమ్మాలు కూడా తొక్కినాం. పెద్దోళ్ళు, చిన్నోళ్ళు, గెలిచినోళ్ళు, ఓడినోళ్ళు, ఏ పార్టీనీ వదల్లేదు. కూర్చోమన్నారు, టీ ఇచ్చినారు. అర్జీ తీసుకున్నారు. చివర్న అందరిదీ ఒకటే మాట. అది ఎవరో దేశాల యుద్ధమమ్మా, అందులో మనమేం చేస్తాం? నాకు నోరు ఆగదు. "ఎవరో దేశాల యుద్ధమయితే అందులో మా తమ్ముడేటి చేస్తన్నాడు బాబూ?" అనేదాన్ని. వాళ్ళు ఫ్యాను వైపు చూసేవోళ్ళు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఊది ఊది ఇంటికొచ్చేవాళ్ళం.

ఇంతలో మాతాపూజ వచ్చినాది. మా తాతలనాడు తెలుగువాళ్ళు సొంత ఊళ్ళొదిలి ఈ ఊరికి రైల్వే పనికి వచ్చినప్పుడు అమ్మవారిని కూడా తెచ్చుకున్నారు. ఎండలు ముదిరే వేళ అమ్మని పిలిచి, పందిట్లో పెట్టి, ఘటాలు ఎత్తుతాం. పసుపు రాసిన కుండ, వేపమండలు, పైన దీపం. ఆ ఘటం నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి డప్పులతో గుమ్మం గుమ్మానికీ వెళ్తాది. ఇంటివాళ్ళు బయటికొచ్చి ఆమె కాళ్ళమీద పసుపు, వేపాకు కలిపిన నీళ్ళు పోస్తారు. నెత్తిన ఘటం ఉన్నంతసేపూ ఆమె పక్కింటి మనిషి కాదు, అమ్మ. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు. ఆడపడుచు గుమ్మంలో నిలబడి నోరు తెరిచి ఒకటి అడిగితే, కాళ్ళమీద నీళ్ళు పోసినవోడు కాదనకూడదు. నీళ్ళు పోసినాడంటే మాట ఇచ్చినట్టే. మా లైన్లో ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు, పుట్టినప్పట్నుంచీ తెలుసు. మా చిన్నప్పుడు ఒక మేస్త్రీ తాగొచ్చి పెళ్ళాన్ని గొడ్డుని బాదినట్టు బాదేవోడు. ఒక ఏడు ఘటం అతని గుమ్మంలో ఆగి, చెయ్యెత్తనని నీళ్ళు పొయ్యి అన్నాది. పోసినాడు. తాగడం మానలేదు గానీ, మళ్ళీ చెయ్యెత్తలేదు. ఇది నేను కళ్ళారా చూసినాను.

ఆ పూజ రోజుల్లోనే ఢిల్లీ సభలో మెంబరొకాయన మా ఊరొచ్చినాడని కాలేజీ పిల్ల చెప్పినాది. మా జిల్లా కాదు, మా ఓట్లతో గెలిచినవాడు కాదు. ఊరూ పార్టీ చెప్పను, మనిషి మంచివాడే. కూతుర్ని ఇక్కడ ఇచ్చినాడు, చూసి పోదామని వచ్చినాడు. కూతుర్ని చూడడానికి వచ్చిన తండ్రి అన్న మాట వినేసరికి నాకు ఒకటే తోచినాది. పెద్దల్ని అడిగి ఆ రోజు ఘటం నేను ఎత్తుకున్నాను. మా లైను దాటి, మా బస్తీ దాటి ఘటం ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ రోజు వెళ్ళినాది.

ఎండ మాడ్చేస్తన్నాది. డప్పులు మోగుతుంటే ఆ ఇంటి గేటు ముందు ఆగినాం. ఆయన లుంగీ మీదే బయటికొచ్చినాడు, వెనకాల కూతురు. ఘటం నెత్తిన ఉన్నప్పుడు తెలుగే మాట్లాడాలి, అది మా పద్ధతి. నేను తెలుగులో అడిగినాను, మరదలు పక్కన నిలబడి హిందీలో చెప్పినాది. "నాయినా, నీ ఇంటి ఆడపడుచుని, నీ గుమ్మంలోకి వచ్చినాను. నా తమ్ముడు పరాయి యుద్ధంలో గోతిలో ఉన్నాడు. అవతల గోతిలో ఇంకొకరి తమ్ముడున్నాడు. మీ సభలో లేచి నిలబడు. ఆపమని అడుగు. నీ తోటివాళ్ళందరి చేతా అడిగించు." తరవాత మా వాళ్ళందరూ అమ్మ పూనినాదని చెప్పుకున్నారు. నాకేటీ పూనలేదు. కోపమే పూనినాది, ఏడుపే పూనినాది.

ఆయన కళ్ళు చెమ్మగిల్లినాయి, అది అబద్ధం కాదు. మావాళ్ళు పసుపు, వేపాకు కలిపిచ్చిన చెంబు కూతురు అందిస్తే తీసుకుని, వంగి, నా కాళ్ళమీద పసుపు నీళ్ళు పోసినాడు. వేపాకు ఒకటి నా బొటనవేలికి అంటుకున్నాది. ఆయన నా పాదాలకి దణ్ణం పెట్టి "మాఁ" అన్నాడు. మరదలు బెంగాలీవాళ్ళలాగ నాలుక ఆడించి ఉలూ వేసినాది, డప్పులు ఊరెగిరిపోయేలాగ మోగినాయి. మా ఆయన కూడా ఏడ్చినాడు. సభలో అడుగుతానని మెంబరు నోటితో అనలేదన్న సంగతి అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు. నీళ్ళు పోసినాక నోటితో అనడమెందుకు?

రెండు రోజులకి తమ్ముడు ఫోను చేసినాడు. నేను ఎగిరి గంతేసి చెప్పినాను. "ఒరే, ఢిల్లీ సభ మెంబరు మాట ఇచ్చేసినాడురా! పసుపు నీళ్ళు పోసినాడు. సభలో అడుగుతాడు."

"నిజంగానేటి? నీళ్ళు పోసినాడేటి?" వాడి గొంతులో చిన్నప్పటి గొంతు వినపడ్డాది. వాడూ మా లైన్లో పుట్టినవాడే కదా, వాడికీ తెలుసు. "అయితే ఈ లోయర్ బెర్త్ కాన్సిల్ చేసేసుకోమంటావేటి అప్పా?"

"చేసేసుకో. నీకిష్టమని రొయ్యల పులుసు నీ పెళ్ళాం నేర్చుకున్నాది. నాకంటే బాగా చేస్తన్నాది దొంగముండ."

మరదలు నా చేతిలోంచి ఫోను లాక్కుని వాడితో ఏదేదో బెంగాలీలో మాట్లాడినాది. అంతలో అన్నాల సైరన్ మొదలయినాది. ఎప్పటిలాగే నేను ఫోను తీసుకుని కిటికీలోంచి చాపబోయినాను. "వద్దప్పా, లోపల పెట్టు, లోపల పెట్టు" అని అరిచినాడు. నేను బిత్తరపోయినాను. కూత ఆగినాక నెమ్మదిగా చెప్పినాడు, "ఏటీ లేదు. ఇక్కడ అలాంటి కూత వస్తే వెంటనే నేలకి కరుచుకోవాలి. ఇప్పుడు ఇదీ వినలేకపోతన్నాను. వచ్చినాక వింటానులే." అదే వాడు నాతో మాట్లాడిన ఆఖరి మాట. వచ్చినాక వింటానులే.

ఆ తరవాత మేము బోగ్దాలో నిలబడడం మానేసినాం. మాట ఇచ్చినాక మళ్ళీ అడిగితే అమ్మని నమ్మనట్టు. అట్టలన్నీ మంచం కిందకి తోసేసినాను. సీరియళ్ళు కట్టేసి టీవీలో సభ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. అట్లు పోస్తూ నేను, పప్పు రుబ్బుతూ మరదలు. లేచేవోళ్ళు, అరిచేవోళ్ళు, కూర్చునేవోళ్ళు. ఆయన ముఖం కెమెరాలో కనపడితే చాలు, మరదలు రుబ్బు ఆపేసి చెయ్యి తుడుచుకునేది.

ఒకరోజు నిజంగానే ఆయన లేచినాడు. మా వరండాలో తింటున్నవాళ్ళు కూడా లోపలికొచ్చి నిలబడ్డారు. ఆయన గొంతు సవరించుకుని, అధ్యక్షా అని మొదలుపెట్టి, వాళ్ళ ఊరి స్టేషన్లో ఒక ఎక్స్‌ప్రెస్ ఆపాలని అడిగినాడు. ముసలోళ్ళు, చదువుకునే పిల్లలు ఇబ్బంది పడతన్నారని బాగా చెప్పినాడు. తరవాత కూర్చున్నాడు. అది కూడా అవసరమే, కాదనను. మేము ఇంకా టీవీ వైపే చూస్తన్నాం, మళ్ళీ లేస్తాడేమోనని. కొన్ని రోజులకి సభ అయిపోనాదని కాలేజీ పిల్ల వచ్చి చెప్పినాది. "మళ్ళా ఎప్పుడో వానాకాలంల కూసుంటరక్కా" అన్నాది, నా ముఖం చూడలేక.

ఆయన మళ్ళీ కూతురింటికి వచ్చినాడని తెలిసి వెళ్ళినాం. నేనూ మరదలే. ఈసారి ఘటం లేదు, ఉత్త చీరలతో వెళ్ళినాం. ఆయన గుర్తుపట్టి కూర్చోమన్నాడు. మాట ఇచ్చినారు కదండీ అన్నాను హిందీలో. ఆయన నిజంగా తెలీక చూసినాడు. "ఏ మాటమ్మా? అది పూజ కదా. మా ఊళ్ళో కూడా దేవుడు గుమ్మంలోకొస్తే నీళ్ళు పోస్తాం. మీ తమ్ముడి కోసం ఆ రోజు దణ్ణం పెట్టుకున్నాను, ఇప్పటికీ పెట్టుకుంటన్నాను. ఆ యుద్ధం మన చేతిలో లేదమ్మా."

తిట్టడానికి నా నోరు లేవలేదు. నా జన్మలో మొదటిసారి. ఆయన అబద్ధం ఆడుంటే నాలుగు కడిగి వద్దును. ఆయన భక్తితో పోసినాడు, మేము మాట అనుకుని తెచ్చుకున్నాం. మా లైన్లో ముక్కుపచ్చలారని పిల్లకి తెలిసిన సంగతి లైను దాటితే ఎవరికీ తెలీదని, ఇన్నేళ్ళ వయసొచ్చి నాకు తట్టకపోనాది. మెట్లు దిగుతుంటే మరదలు నా చెయ్యి పట్టుకున్నాది. "దీదీ, మా ఆయనకి ఫోనులో ఇప్పుడేటి చెప్దాం?" అన్నాది. చెప్పాల్సిన అవసరమే రాలేదు. వాడి ఫోను మళ్ళీ రాలేదు.

కబురు వానల్లో వచ్చినాది, మా ఆయన ఫోనుకి. ఆయన విని, సరే సార్, సరే సార్ అని రెండుసార్లు అని, వరండా మెట్టు మీద కూర్చుండిపోయినాడు. ఆయన ముఖమే చెప్పేసినాది. మరదలు లోపల పులుసు కలుపుతున్నాది. ఆ పిల్లకి ఎవరు చెప్పాలి? నేనే చెప్పినాను. గరిటె కింద పెట్టి, స్టవ్ ఆపేసి, "దీదీ, ఆయనకి చలి అంటే పడదు" అన్నాది. ఆ ఒక్క మాటే అంటూ కూర్చున్నాది సాయంత్రం దాకా.

చాలా రోజులకి పెట్టె వచ్చినాది. విమానంలో కోల్‌కతాకి, అక్కడ్నుంచి వ్యానులో మా లైనుకి. మేకులు కొట్టేసి, చుట్టూ సీలు వేసి ఉన్నాది. తెరవొద్దన్నారు. చూసే స్థితిలో లేదన్నారు. నేను పెంచినోణ్ణి, ముఖం వద్దులే, కాళ్ళు చూపించండి అన్నాను. వద్దమ్మా అన్నారు. చంకలో ఉన్నప్పట్నుంచీ వాడికి నీళ్ళు పోసినదాన్ని, ఆఖరి నీళ్ళు పొయ్యకుండా ఎలగ పంపుతాను? బిందెలో పసుపు కలిపినాను, వేపాకు తుంచి వేసినాను. పెట్టె దగ్గిరకి వెళ్ళి నిలబడినాక గానీ తెలీలేదు, కాళ్ళు ఏ వైపున్నాయో. వ్యాను డ్రైవర్ని అడిగినాను. "మాలూమ్ నహీ, దీదీ" అని తల దించుకున్నాడు. ఎవరికీ తెలీదు. మొత్తం లైనంతా నిలబడి ఉన్నాది, ఒక్కరికీ తెలీదు. అటు చివర కొంచెం, ఇటు చివర కొంచెం పోసినాను. ఒక చివర నీళ్ళు నా తమ్ముడి ముఖం మీద పడుంటాయి. చిన్నప్పుడు ముఖం మీద నీళ్ళు పడితే గుక్కపట్టి ఏడ్చేవోడు.

పెదకర్మ కూడా అయిపోనాది. నేను టిఫిన్లు పెట్టడం లేదు. మా ఆయన, మరదలు, నేను, ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిరుగుతున్నాం. అలాంటప్పుడు ఒక పగటిపూట నా ఫోను మోగినాది. పెద్ద నంబరు, ఆ దేశం నంబరు. ఎత్తితే మగ గొంతు, వయసు మళ్ళిన గొంతు, హిందీలో.

"దీదీ, మీరెవరో నాకు తెలీదు. నా ఇంటికి ఫోను కలవడం లేదు. ఇక్కడ చెక్క మీద బొగ్గుతో ఒక నంబరు రాసి ఉన్నాది, మన దేశం నంబరని చేసినాను. పక్కన ఏదో మాట కూడా ఉన్నాది, గుండ్రటి అక్షరాలు, నాకు చదవడం రాదు. కాస్త మా ఇంటికి కబురు చెప్తారా, నేను బతికే ఉన్నానని?"

ఆ గుండ్రటి అక్షరాలేటో నాకు తెలుసు, అప్ప అని. అతని ఇంటి నంబరు చెప్పమని, గోడ మీద బొగ్గుతోనే రాసుకున్నాను. ప్లంబర్నన్నాడు, ఇద్దరు ఆడపిల్లలన్నాడు. హోటల్లో పైపుల పని అని తెచ్చినారట.

"బాబూ, అవతల పక్క నుంచి దగ్గు వినపడతాదేటి?" అన్నాను.

"వినపడతాది దీదీ. పొద్దుటిపూట. మీకెలా తెలుసు?" అని ఆగి, "ఈ చోట ముందున్న మనిషి మీవాడా? ఇంటికి వచ్చేసినాడా?" అన్నాడు. ఎంత ఆశగా అడిగినాడో.

"ఆఁ. వచ్చేసినాడు బాబూ," అన్నాను. "మా ఇంటికి వచ్చేసినాడు."

"అయితే నన్నూ పంపుతారు. పంపుతారు కదా దీదీ?"

నేను జవాబు వెతుక్కునేలోగా అన్నాల సైరన్ కొట్టినాది. ఫోను నా చెవి దగ్గిరే ఉన్నాది, ఆ కూత అతనికి వినపడ్డాది. "దీదీ, దాక్కోండి!" అని కేక పెట్టినాడు. "నేలమీద పడుకోండి, పిల్లల్ని లాగండి, తల ఎత్తకండి!" అంత దూరం నుంచి, ముఖం తెలీని నన్ను కాపాడడానికి అరుస్తన్నాడు. "భయం లేదు బాబూ, భయం లేదు, ఇది అన్నానికి పిలిచే కూత" అని నేనూ అరిచినాను. వినపడ్డాదో లేదో. లైను తెగిపోనాది.

గోడమీద నంబరుకి ఫోను చేసి, అతని పెళ్ళానికి కబురు చెప్పినాను. తరవాత మంచం కింద చెయ్యి పెట్టి అట్టలు లాగినాను. ఒకటి చెమ్మకి ఉబ్బిపోయి ఉన్నాది, మిగతావి బాగానే ఉన్నాయి. మరదలు గుమ్మంలో నిలబడి చూసినాది. ముఖం కడుక్కొచ్చి, బెంగాలీ అట్ట తను తీసుకున్నాది. సాయంత్రం లోకల్ దిగే వేళకి బోగ్దాలో మా పాత చోట నిలబడ్డాం.

అక్కడ టీ అమ్మే అతను మమ్మల్ని చూసి సంతోషపడ్డాడు. అతనికి కబురు తెలీదు. రెండు టీలు పట్టుకొచ్చి, "చాలా రోజులయినాది దీదీ, మీరు కనపడకపోతే మీ తమ్ముడు వచ్చేసినాడనుకున్నాను. ఇంకా ఆ గోతిలోనే ఉన్నాడేటి?" అన్నాడు.

"లేడు దాదా," అన్నాను. "అందులో ఇప్పుడు ఇంకొకడున్నాడు."